'మహానటి' చిత్ర ఆహార్యం: చీర, కిమోనో, సరసల తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

తెలుగు సినిమా విమర్శలో కథ, సంభాషణ, పాట, నటన అనే అంశాలపై జరిగినంత చర్చ ఆహార్యంపై జరగలేదు. 2018లో విడుదలైన 'మహానటి' చిత్రానికి 66వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ఉత్తమ దుస్తుల రూపకల్పన పురస్కారం లభించింది. ఈ వ్యాసం ఆ చిత్రంలోని స్త్రీల వస్త్రాలను ఒక వస్త్రసంపుటిగా గ్రహించి, జపాను సంప్రదాయ వస్త్రధారణతో పోల్చి విమర్శిస్తుంది. ఈ పోలికకు ఆధారాలు రెండు. చీర, కిమోనో రెండూ గుడ్డ నిడివిని పెద్దగా కోయకుండా ధరించే వస్త్రాలు కావడం మొదటిది. మచిలీపట్నం రేవు గుండా సాగిన అద్దకపు గుడ్డల వాణిజ్యం జపాను వస్త్రసంస్కృతిలో 'సరస' పేరుతో స్థిరపడటం రెండవది. కాలాన్ని, రంగును, అవస్థను చిత్రించడంలో 'మహానటి' ఆహార్యం సఫలమైందని, స్థలాన్ని, చేతిపనివారి కర్తృత్వాన్ని నిలుపుకోవడంలో కొరత మిగిలిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఆహార్యం, మహానటి, సావిత్రి, చీర, కిమోనో, సరస, కలంకారీ, పెడన, మంగళగిరి, కూచిపూడి.

1. ఉపోద్ఘాతం

భరతుని నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలుగా విభజించింది. ఆహార్యాన్ని మళ్ళీ పుస్తం, అలంకారం, అంగరచన, సజ్జీవం అని నాలుగుగా వివరించింది. అంటే ధరించే వస్త్రాన్ని నటుని అందం కోసం చేర్చిన పైపూతగా కాక అభినయంలో ఒక అంగంగా ఆ శాస్త్రం గుర్తించింది. మన సినిమా సమీక్షలలో మాత్రం ఆహార్యం గురించి ఒకటి రెండు ప్రశంసావాక్యాలతో సరిపెట్టుకోవడమే అలవాటైంది. 'ఆ కాలాన్ని కళ్ళకు కట్టారు' అన్న వాక్యం వినిపిస్తుంది గాని, ఏ గుడ్డతో, ఏ కట్టుతో, ఏ రంగుతో కట్టారన్న ప్రశ్న వినిపించదు.

నాగ్ అశ్విన్ దర్శకత్వంలో 2018 మే 9న విడుదలైన 'మహానటి' ఈ ప్రశ్న వేయడానికి తగిన చిత్రం. కృష్ణకు దక్షిణతీరాన తాడేపల్లి సమీపంలోని చిర్రావూరులో పుట్టి, విజయవాడలో పెరిగి, మద్రాసులో తారగా వెలిగి, 1981 డిసెంబరు 26న కన్నుమూసిన సావిత్రి జీవితం దీని ఇతివృత్తం. కీర్తి సురేశ్ సావిత్రి పాత్రను ధరించి జాతీయ ఉత్తమనటి పురస్కారం పొందారు. దుస్తుల రూపకల్పనకు ఇంద్రాక్షి పట్నాయక్, గౌరంగ్ షా, అర్చనా రావు సంయుక్తంగా పురస్కారం అందుకున్నారు. వీరిలో గౌరంగ్ షా హైదరాబాదు కేంద్రంగా చేనేతపై, ముఖ్యంగా జాందానీ నేతపై పనిచేసే రూపకర్త. సినిమా ప్రేరణతో స్త్రీల వస్త్రసంపుటిని నిర్మించడం నేడు దేశదేశాల రూపకర్తలు చేస్తున్న పని. ఆ దృష్టితో చూస్తే 'మహానటి' సినిమా నుండి పుట్టి, తిరిగి సినిమాలోనే ప్రదర్శితమైన చేనేత సంపుటి.

2. సరస: రేవు దాటిన గుడ్డ

జపానుతో పోలికకు చారిత్రక భూమిక కృష్ణా డెల్టాలోనే ఉంది. 17వ శతాబ్ది తొలి దశకంలో డచ్చి వర్తకులు మచిలీపట్నంలో స్థావరం ఏర్పరచుకున్నారు. 1611లో ఆంగ్లేయులు వచ్చారు. గోలకొండ ప్రభువుల ప్రధాన రేవుగా ఉన్న ఈ పట్టణం నుండి అద్దకపు నూలుగుడ్డలు పారశీకానికి, ఆగ్నేయాసియా దీవులకు, అక్కడి నుండి దూరప్రాచ్యానికి చేరాయి. జపాను తన తలుపులు మూసుకున్న తరువాత కూడా 1641 నుండి నాగసాకి దగ్గరి దెజిమా దీవిలో డచ్చివారికి వ్యాపారానుమతి కొనసాగింది. ఆ ఓడలలో దిగిన భారతీయ అద్దకపు గుడ్డలను జపానీయులు 'సరస' అన్నారు. తెలుగులోని సరస శబ్దంతో దీనికి సంబంధం లేదు. అది సముద్రవాణిజ్యం వెంట చేరిన పేరు. జపాను చేరిన ప్రతి సరస ముక్కా మచిలీపట్నానిదేనని చెప్పడం అశాస్త్రీయం. గుజరాతు గుడ్డలు కూడా వాటిలో విస్తారంగా ఉన్నాయి. కోరమాండల్ తీరపు అద్దకం అందులో ఒక ప్రధాన పాయ అని మాత్రం నిశ్చయంగా చెప్పవచ్చు.

ఈ గుడ్డను జపానీయులు వాడుకున్న తీరు గమనార్హం. అది అరుదైనది, ఖరీదైనది కావడంతో చిన్న ముక్కను కూడా వృథా పోనివ్వలేదు. తేనీటి సత్కారంలో వాడే పొడి భరిణెలకు సంచులు కుట్టారు. యోధుల పైఅంగీలు, పైకి కనిపించని లోపలి వస్త్రాలు చేశారు. హికోనె ప్రభువులైన ఈయీ వంశీయులు సేకరించిన 450 సరస ముక్కలు నేడు టోక్యో జాతీయ మ్యూజియంలో ఉన్నాయి. 1778లో 'సరస బెన్రాన్' అనే నమూనాల గ్రంథం వెలువడింది. క్రమంగా కాగితపు చెక్కుడు అచ్చులతో స్థానికంగా అద్దిన 'వా-సరస', అంటే జపాను సరస, రూపొందింది.

ఇందులో ఒక వైరుధ్యం ఉంది. జపాను సేకర్తలు ప్రతి పువ్వునూ, ప్రతి తీగనూ భద్రపరిచారు. కాని ఆ పువ్వును అద్దిన చేతి పేరు ఎక్కడా మిగలలేదు. చిరివేరు ఎరుపు శతాబ్దాలు దాటి నిలిచింది, దాన్ని ఉడికించినవారు చరిత్రలో లేరు. ఈ వైరుధ్యం 'మహానటి' పరిశీలనలో కూడా మనకు ఎదురవుతుంది.

3. చీర, కిమోనో: నిర్మాణ సామ్యభేదాలు

కిమోనోకు కావలసిన గుడ్డ ఒకే తానుగా నేస్తారు. దాని వెడల్పు సుమారు 36 నుండి 38 సెంటీమీటర్లు, నిడివి సుమారు 12 మీటర్లు. దానిని నిలువు పట్టీలుగా విడదీసి వంపులు లేని సరళరేఖలలో కుడతారు. ఉతకవలసి వచ్చినప్పుడు కుట్లు విప్పి, పట్టీలను తిరిగి తానులా చేర్చి, గంజి పెట్టి ఆరబెట్టే పద్ధతి ఉంది. చీరకు ఆ కుట్టు కూడా లేదు. ఐదున్నర, ఆరు మీటర్ల గుడ్డ మగ్గం దిగినట్లే ఒంటిమీదకు వస్తుంది. రెండింటిలోనూ రూపకర్త మొదటి కాన్వాసు గుడ్డే. శరీరాకృతికి తగినట్లు గుడ్డను కత్తిరించే ఐరోపా పద్ధతికి ఇవి భిన్నమైనవి. 1980వ దశకపు తొలినాళ్ళలో పారిస్ వేదికలపై జపాను రూపకర్తలు కలిగించిన సంచలనానికి మూలం ఇదే. ఇస్సే మియాకే 'ఒకే ముక్క గుడ్డ' అన్న భావనను తన జీవితకాల సూత్రంగా చేసుకున్నాడు.

అయితే భేదం కూడా అంతే ముఖ్యమైనది. కిమోనో రూపం స్థిరం. ఎడమ అంచు కుడి అంచు మీదకు రావాలి, నడుముకు ఓబీ బిగించాలి, ఇరుకైన అంచు అడుగును చిన్నది చేస్తుంది. వస్త్రమే నడకను నిర్ణయిస్తుంది. చీర రూపం కట్టుకునే మనిషి చేతిలో ఉంది. కుచ్చెళ్ళ సంఖ్య, పైట పొడవు, కొంగు దోపిన తీరు వయస్సును, పనిని, మనఃస్థితిని చెబుతాయి. వరినాట్లకు వంగిన స్త్రీ కచ్చపోసిన చీర, పెళ్ళిపందిట్లో జీరాడే చీర నిడివిలో ఒకటే. కాబట్టి చీర కట్టిన పాత్ర ఆహార్యాన్ని విమర్శించేవారు గుడ్డతో ఆగకూడదు, కట్టును కూడా చదవాలి.

4. నలుపు తెలుపుల నుండి రంగులలోకి

'మహానటి' రూపకర్తలకు ఎదురైన అసలు సమస్య రంగు. సావిత్రికి పేరు తెచ్చిన 'దేవదాసు' (1953), 'మిస్సమ్మ' (1955), 'మాయాబజార్' (1957) నలుపు తెలుపు చిత్రాలు. ఆనాటి ఛాయాగ్రహణానికి చీర రంగు ప్రధానం కాదు. ఆ రంగు తెరపై ఎంత బూడిదగా తేలుతుంది, అంచు ఒడలి నుండి ఎంత విడివడుతుంది అన్నదే ప్రధానం. తెలుగు ప్రేక్షకుని స్మృతిలో సావిత్రి చీరకు నేత ఉంది, అంచు ఉంది, ముడత ఉంది, రంగు మాత్రం లేదు. 2010లో రంగుల్లో వచ్చిన 'మాయాబజార్' తన రంగులను తానే ఎంచుకోవలసి వచ్చింది. 'మహానటి' కూడా లేని రంగును ఊహించవలసి వచ్చింది.

ఈ సందర్భంలో జపాను సినిమా నుండి ఒక ఉదాహరణ ఉపకరిస్తుంది. తెయినొసుకె కినుగాస తీసిన 'జిగొకుమొన్' (1953) విదేశాలకు చేరిన తొలి జపాను రంగుల చిత్రాలలో ఒకటి. దాని దుస్తులకు ఆస్కార్ పొందిన సాన్జో వాదా వృత్తిరీత్యా చిత్రకారుడు. 1927లో జపాను వర్ణప్రమాణాల సంఘాన్ని స్థాపించి, వర్ణమేళనాలను గ్రంథాలుగా కూర్చిన పండితుడు. మధ్యయుగపు కథకు రంగులద్దవలసి వచ్చినప్పుడు ఆయన తన సంస్కృతిలోని రంగుల వ్యవస్థను ఆశ్రయించగలిగాడు. తరువాతి కాలంలో కురొసావా 'రాన్' (1985) చిత్రానికి ఎమీ వాదా ఆస్కార్ పొందారు. భారతదేశం నుండి 'గాంధీ' (1982) చిత్రానికి భాను అథైయా ఆ గౌరవం అందుకున్నారు.

'మహానటి' ఎంచుకున్న మార్గం కథను అనుసరించింది. బాల్యంలో పరికిణీ, యౌవనారంభంలో లంగావోణీ, రెండు జడలు. మద్రాసు తొలిరోజులలో తేలిక చీరలు. కీర్తిశిఖరాన జరీ అంచుల నిండు పట్టుచీరలు, మోచేతి దాకా వచ్చే రవికలు, తలలో పూలు. పతనదశలో వెలిసిన రంగులు, బరువు తగ్గిన గుడ్డలు. రంగు ఇక్కడ సంపదకు కొలమానంగా మాత్రమే మిగలలేదు. ఐశ్వర్యదశలో చీర శరీరానికి కవచంలా నిలబడుతుంది. చివరి దశలో అదే శరీరానికి గుడ్డ వేలాడుతుంది. నగలను దేశరక్షణ నిధికి ఇచ్చివేసే ఘట్టంలో మెడ బోసిపోయినప్పుడు చీర ఒక్కటే పాత్ర గౌరవాన్ని మోస్తుంది. కథ చెప్పే పాత్రికేయురాలు మధురవాణికి కళ్ళద్దాలు, ఉంగరాల జుట్టు, ఉద్యోగినికి తగిన సాదా దుస్తులు ఇవ్వడం మరొక మంచి నిర్ణయం. పట్టుచీరల కాలాన్ని సాదా గుడ్డల కాలం చదువుతోందన్న భావం మాట అవసరం లేకుండానే కలుగుతుంది.

5. వస్త్రం, నడక, అభినయం

ఆహార్యం గుడ్డతో పూర్తి కాదనడానికి తెలుగు సినిమాలోనే అత్యుత్తమ ఉదాహరణ 'మాయాబజార్'లోని మాయాశశిరేఖ. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించినప్పుడు దుస్తులు మారవు, నగలు మారవు. భుజం ఎగరవేత, అడుగు విసురు, చూపులోని దర్పం మారతాయి. ఒకే ఆహార్యంలో సావిత్రి ఇద్దరిని చూపారు. 'మహానటి' ఈ ఘట్టాన్ని పునఃసృష్టించినప్పుడు కీర్తి సురేశ్ మీద పడిన భారం మూడింతలు. సావిత్రిగా కనిపించాలి, శశిరేఖగా అలంకరించుకోవాలి, ఘటోత్కచునిగా కదలాలి. అలంకరణ ఎంత ఖచ్చితంగా ఉంటే కదలికలోని తేడా అంత స్పష్టంగా తెలుస్తుంది. ఈ ఘట్టంలో ఆహార్యం తాను నిశ్చలంగా ఉండి ఆంగికానికి చోటిచ్చింది. ఇది రూపకర్తల సంయమనానికి నిదర్శనం.

ఈ విద్యకు కృష్ణాతీరంలో సుదీర్ఘ సంప్రదాయం ఉంది. కూచిపూడి భాగవతులలో పురుషులే స్త్రీపాత్రలు ధరించారు. సత్యభామగా వేదాంతం సత్యనారాయణశర్మ ప్రసిద్ధి అందరికీ తెలిసినదే. ఆయన చీరకట్టులో, జడ తిప్పుడులో స్త్రీత్వం గుడ్డ వల్ల వచ్చింది కాదు, సాధన వల్ల వచ్చింది. జపాను కబుకీలో స్త్రీపాత్రధారులైన ఓన్నగాతాలు కిమోనో బరువుతో, ఇరుకైన అడుగుతో ఇదే సాధన చేశారు. దీనికి తిరుగుముఖంగా, స్త్రీలే అన్ని పాత్రలూ ధరించే తకరాజుకా నాటకబృందం 2024 జనవరిలో 'ఆర్ఆర్ఆర్'ను సంగీతనాటకంగా ప్రదర్శించింది. 2022 అక్టోబరులో జపానులో విడుదలై విశేషాదరణ పొందిన తెలుగు చిత్రంలోని భీముని, రాముని జపాను నటీమణులు తమ నడకలోకి తెచ్చుకున్నారు. మచిలీపట్నం గుడ్డ ఒకప్పుడు వెళ్ళిన దారిలో ఇప్పుడు తెలుగు తెర ఆహార్యం వెళ్ళింది.

6. కర్తృత్వం: నిలిచే పేరు ఎవరిది?

'మహానటి' ఆహార్యంలో ఈ వ్యాసం గుర్తించే మొదటి కొరత స్థలానికి సంబంధించినది. సావిత్రి వస్త్రాలను చూసి ప్రేక్షకుడు దశాబ్దాన్ని చెప్పగలడు, ఆర్థికస్థితిని చెప్పగలడు. ఆమె ఏ సీమ బిడ్డో చెప్పడం కష్టం. చిర్రావూరుకు కూతవేటు దూరంలో మంగళగిరి ఉంది. గుంటమగ్గంపై నేసే మంగళగిరి చీరకు ఒడలంతా సాదాగా ఉండి అంచులో జరీ మెరవడం ప్రత్యేకత. కృష్ణకు ఆవల మచిలీపట్నం, పెడనల అద్దకం ఉంది. తారగా మారిన స్త్రీ కాంచీపట్టు ధరించడం చారిత్రక సత్యమే కదా అన్న వాదం సమంజసమైనదే. అయితే తార కాకముందటి విజయవాడ ఘట్టాలలోను, కీర్తి జారిపోయిన తరువాతి ఏకాంతంలోను పుట్టిన నేల గుడ్డ ఒక్కసారి తిరిగి కనిపించి ఉంటే పాత్ర జీవితవలయానికి మరింత నిండుదనం వచ్చేది. ఇది తప్పును ఎంచడం కోసం చెప్పిన మాట కాదు. ఆహార్యం స్థలాన్ని కూడా అభినయించగలదని గుర్తుచేయడమే ఉద్దేశం.

రెండవ కొరత ఈ చిత్రానికి మాత్రమే పరిమితమైనది కాదు, ప్రక్రియకే చెందినది. పురస్కారంలో మూడు పేర్లు ఉన్నాయి. ఆ మూడు పేర్ల వెనుక నేసినవారు, రంగు అద్దినవారు, రవిక కుట్టినవారు ఉన్నారు. సరస విషయంలో జరిగిన విస్మృతి ఇక్కడ ఆధునిక రూపంలో పునరావృతమవుతోంది. జపాను ఈ విషయంలో తన పాత లోపాన్ని కొంత సవరించుకుంది. 1950 నాటి సాంస్కృతికసంపద పరిరక్షణ చట్టం క్రమంలో చేతిపనివారిని సజీవ జాతీయనిధులుగా గుర్తించే పద్ధతి ఏర్పడింది. అచ్చుఅద్దకంలో సెరిజావా కెయిసుకె 1956లో ఆ గుర్తింపు పొందారు. మన దేశంలోనూ చేతివృత్తులవారికి జాతీయ పురస్కారాలు ఉన్నాయి. సినిమా పేర్ల పట్టికలో మాత్రం వారికి చోటు రాలేదు.

ఈ ప్రశ్నకు జీవనాధారంతో సంబంధం ఉంది. పెడన పద్ధతిలో గుడ్డను ముందుగా కరక్కాయ, గేదెపాలు కలిపిన నీటిలో ముంచి ఆరబెడతారు. ఇనుము, బెల్లం ఊరవేసి తీసిన ద్రవంతో నల్లగీతను, పటికతో ఎరుపు పట్టవలసిన భాగాన్ని టేకు అచ్చులతో అద్దుతారు. పారే నీటిలో ఉతికి, రంగునిచ్చే వేళ్ళతో, ఆకులతో ఉడికిస్తారు. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క అచ్చు, ఒక్కొక్క ఎండ కావాలి. ఇన్ని దశలు దాటిన గుడ్డ పక్కనే రసాయనపు రంగులతో, తెరఅచ్చుతో కొన్ని గంటలలో తయారైన గుడ్డ అదే కలంకారీ పేరుతో, అంతకన్నా తక్కువ ధరకు అమ్ముడవుతుంది. మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉన్నప్పటికీ బజారులో ఈ రెండింటినీ వేరుచేసి చూపేవారు తక్కువ.

ఇక్కడ వా-సరస ఉదాహరణ మనకు ఒక విచక్షణను నేర్పుతుంది. జపాను అద్దకపువారు కూడా అనుకరించారు. కాని తమ పద్ధతితో, తమ పేరుతో చేశారు. అందువల్ల అనుకరణ కొత్త కళగా మారింది. తెరఅచ్చు గుడ్డ కలంకారీ పేరును వాడుకున్నప్పుడు కొత్త కళ పుట్టదు, పాత కళ ధర పడిపోతుంది. సినిమా ప్రేరణకూ ఇదే ప్రమాణం వర్తిస్తుంది. విజయవాడ వస్త్రలత టోకు దుకాణాల నుండి బీసెంటు రోడ్డు కొట్ల దాకా సినిమా పేర్లతో చీరలు అమ్మడం మనకు కొత్త కాదు. తెరపై చేనేతగా మెరిసిన చీర బజారులో మరమగ్గపు నకలుగా దిగితే, ఆ చిత్రం చేనేతకు తెచ్చిన గౌరవం నేతగాని ఇంటికి చేరదు.

7. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. 'మహానటి' ఆహార్యం కథాకాలాన్ని, పాత్ర ఉత్థానపతనాలను వస్త్రం ద్వారా చెప్పడంలో తెలుగు సినిమాకు ఒక ప్రమాణాన్ని ఏర్పరచింది. నలుపు తెలుపు స్మృతికి రంగులను ఊహించడం అందులోని అత్యంత క్లిష్టమైన, సృజనాత్మకమైన భాగం.

2. చీర, కిమోనో రెండూ కోతకు లొంగని గుడ్డ నుండి పుట్టినవే. కిమోనో నడకను నిర్దేశిస్తుంది, చీర నడకను అనుసరిస్తుంది. అందువల్ల చీర ఆహార్యాన్ని అంచనా వేసేటప్పుడు కట్టును, కదలికను కలిపి చూడాలి. మాయాశశిరేఖ ఘట్టం, కూచిపూడి స్త్రీవేషం ఇందుకు సాక్ష్యాలు.

3. సరస చరిత్ర కృష్ణా డెల్టా గుడ్డ ప్రపంచ వస్త్రసంస్కృతిలో పొందిన స్థానాన్ని, ఆ స్థానంలో చేతి పేరు చెరిగిపోయిన తీరును ఒకేసారి చూపుతుంది.

4. చిత్రంలో స్థానిక నేతకు, అద్దకానికి చోటు దక్కకపోవడం కొరతే. సినిమా పేర్ల పట్టికలో నేత కేంద్రాన్ని, అద్దకపు ఊరిని, ప్రధాన పనివారిని పేర్కొనడం కష్టమైన పని కాదు. అది జరిగినప్పుడు బజారులో అసలు గుడ్డకు, నకలుకు తేడా అడిగే కొనుగోలుదారు కూడా తయారవుతాడు.

తెలుగు శాఖలలో సినిమాపై జరుగుతున్న పరిశోధనలు ఆహార్యాన్ని ప్రత్యేక అధ్యాయంగా స్వీకరించవలసిన అవసరం ఉంది. చిత్రాల నిశ్చలఛాయలతో పాటు మంగళగిరి మగ్గాల దగ్గర, పెడన అచ్చుల దగ్గర లభించే మౌఖిక సమాచారాన్ని సేకరించడం అందులో తొలిమెట్టు. అచ్చులు చెక్కేవారు, రంగు కాచేవారు ఇంకా పనిలో ఉన్నారు. వారి పేర్లు వారి నోటనే నమోదు చేసుకోగల అవకాశం నేటి పరిశోధకునికి ఉంది. హికోనె సరసలను చూసేవారికి ఆ అవకాశం లేదు.